చీఫ్ ఇంజనీరు గోడ మీది చారల బట్ట

మా ఇంట్లో బట్టల గురించి ఎవరికీ ఏమీ తెలియదన్న సంగతి నాకు నలభయ్యో ఏట, మస్కట్ దగ్గర అజైబాలో తెలిసింది. అంతవరకూ మాకంటే బాగా తెలిసినవాళ్లు గోదావరికి ఇవతల లేరని నా నమ్మకం.

మా నమ్మకానికి కారణం జమీందారైన మా తాతగారు. ఏటా నేతగాళ్లు మూటలు మోసుకొచ్చి ఆయన ముందు పంచెలూ చీరలూ పరిచేవారు. ఆయన ఒక్కో అంచునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి "ఊఁ" అనేవారు. లేదా ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోతే ఆ బట్ట తిరిగి మూటలోకి వెళ్లిపోయేది. ఆ "ఊఁ" కోసం నేతగాడు పూటంతా అరుగు కింద నిలబడేవాడు. తర్వాత జమీందారీని ప్రభుత్వం తీసుకుంది. మిగిలినదాన్ని దాయాదులూ ప్లీడర్లూ సమానంగా పంచుకున్నారు. నాకు దక్కినవి రెండే, నిటారుగా కూర్చునే అలవాటు, ఆ బొటనవేలు. ఆ రెంటితో నేను పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఒమన్ వెళ్లి ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్స్ ఇన్‌ఛార్జిగా చేరాను. సిమెంటు బస్తాను కూడా మూల దగ్గర నలిపి చూడందే లోపలికి రానిచ్చేవాణ్ని కాదు. ఆఫీసులో తెలుగువాళ్లు నన్ను "రాజావారు" అనేవారు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో నాకు బాగా తెలుసు. అయినా పలికేవాణ్ని.

మా చీఫ్ ఇంజనీరు ఇంగ్లీషువాడు. ఒమన్ రాకముందు చాలా ఏళ్లు దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల మీద గనుల దగ్గర పనిచేశాడు. అక్కడి కొండజనంలో ఆడవాళ్లు చేత్తో నేసిన ఉన్ని బట్ట ఒకటి తెచ్చుకుని, కంపెనీ ఇచ్చిన ఇంట్లో ముందుగది గోడకు అడ్డంగా వేలాడదీశాడు. మనిషి పొడవు కంటే కాస్త ఎక్కువ, వెడల్పు రెండు మూరలు. దాని నిండా చారలు. నలుపు, కాఫీ పొడి రంగు, బూడిద రంగు, మీగడ రంగు. పువ్వు లేదు, లత లేదు, హంస లేదు. రంగు అద్దిన పోగు కూడా ఒక్కటి లేదు. గొర్రె ఒంటి మీదా, అక్కడ బరువులు మోసే లామాల ఒంటి మీదా ఏ రంగులుంటే అవే. దాని మీదికి వెలుతురు పడేట్టు పైన ఒక దీపం, ఎదురుగా ఒక కుర్చీ. ఆ ఇంట్లో అతని భార్య ఫొటోకి కూడా దీపం లేదు.

ఒకరోజు సంతకం కోసం వెళితే ఆ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. "ఎలా ఉంది?" అని నన్నడిగాడు. నేను తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి అంచు నలిపాను.

"ముతక," అన్నాను. "మా ఇంట్లో ఇలాంటివి ఏనుగు మీద అంబారీ కింద వేసేవాళ్లం."

మాకు ఏనుగు లేదు. మా తాతగారి పెళ్లికి ఒకదాన్ని అద్దెకు తెచ్చారు. ఆ సంగతి అతనికి చెప్పవలసిన అవసరం కనబడలేదు.

అతను కోప్పడలేదు. "ఇంకాసేపు చూడండి," అన్నాడు. నేను మర్యాదకోసం ఇంకాసేపు చూశాను. చారలు అక్కడే ఉన్నాయి.

కొన్నాళ్లకు అతని ఉద్యోగం ముగిసి స్వదేశం వెళ్లే రోజు దగ్గరపడింది. ఆ బట్టను వెంట తీసుకుపోనని, ఇక్కడ దాన్ని చూడటం వచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకిచ్చి పోతానని ఆఫీసులో అందరి ముందూ చెప్పాడు. ఇంగ్లండులో వాళ్లావిడ దాన్ని గోడ మీదికి రానివ్వదట. వెళ్లే ముందు శుక్రవారం మధ్యాహ్నం అందరినీ టీకి పిలుస్తానని, ఆ వేళ ఇస్తానని అన్నాడు.

నాకు ఆ ఉన్నితో పనిలేదు. ఆ ఎండలకు ఉన్ని పేరు వింటేనే ఒళ్లు మండేది. కానీ పదిమందిలో, ఒక చీఫ్ ఇంజనీరు నోట, "ఈయనకు బట్ట తెలుసు" అన్న మాట నాకు కావలసి వచ్చింది. భూమి పోయినప్పుడు ఊరుకున్నాను. ఈ మాట ఇంకొకరికి పోతే ఆ బొటనవేలు కూడా దాయాదుల పాలైనట్టే.

పోటీకి చాలామంది దిగారు. అంతవరకూ ఆ గోడ వంక చూడనివాళ్లంతా ఏదో ఒక కాగితం పట్టుకుని ఆ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. హైదరాబాదు ఇంజనీరొకాయన ఆ చారల్లో సూర్యాస్తమయం చూశాడు. ఇంకొకాయన సమాజంలోని అంతస్తులు చూశాడు. పై అంతస్తు ఏదని అడిగితే, తల ఒక పక్కకి వంచి, అది చూసేవాణ్ని బట్టి ఉంటుందన్నాడు. ఇలాంటివాళ్ల వల్ల నాకు భయం లేదు. నాకు భయమల్లా చీఫ్ అకౌంటెంటు భార్య.

ఆవిడది కృష్ణా జిల్లా. మడీ ఆచారమూ సముద్రం దాటించి తెచ్చిన మనిషి. సత్యనారాయణ వ్రతం చేయించడానికి పురోహితుడు దొరక్క, మెస్సులో వంట చేసే ఆయనకు మంత్రాలు కొన్ని వచ్చని తెలిసి ఆయన్నే పీట మీద కూర్చోబెట్టేది. ఆయన నైవేద్యంతోపాటు ఆ రోజు కూరల సంగతి కూడా మధ్యమధ్య చెబుతూ కథ నడిపించేవాడు.

"అన్నయ్యగారూ, అది ఉన్నేనటగా?" అని ఆవిడ ఒకరోజు నన్ను ఆపి అడిగింది.

"ఉన్నేనమ్మా."

"అయితే మడికి పనికొస్తుంది. ఉన్నికి మైల అంటదు, తడపక్కర్లేదు. వ్రతంలో ఆసనానికి వేస్తాను. ఆ మాటే దొరగారికి చెబుతాను, ఏమంటారు?"

నేనేమంటాను? ఆవిడ చెబితే అతను కరిగిపోతాడని నాకు తెలుసు. ఇంగ్లీషువాడికి పూజ అన్న మాట వినబడితే చాలు, టోపీ తీసేస్తాడు.

దాంతో నేనూ చూడటం మొదలుపెట్టాను. సెలవురోజు శుక్రవారాలు చీఫ్ ఇంజనీరు సముద్రానికి ఈతకు వెళ్లేవాడు, కంపెనీ ఇళ్ల తాళం చెవులు స్టోర్స్‌లో నా దగ్గరే ఉండేవి. ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని గంటసేపు చూశాను. చారలు లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెడితే ఇంకో అంకె వచ్చింది. ఇంతే నా పాండిత్యం.

అలాంటి సమయంలో ఆ ఇంట్లో స్నానాలగది గోడ పూత ఊడితే ప్లాస్టరింగుకు క్యాంపు నుంచి మనుషుల్ని పంపాను. పని చూద్దామని వెళ్లేసరికి ఒక కూలీ ముందుగదిలో ఆ బట్ట ముందు నిలబడి ఉన్నాడు. కరీంనగర్ వైపు మనిషి, నా ఈడువాడే. చేతులకు సిమెంటు ఉందని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముక్కు బట్టకు తగిలేంత దగ్గరగా వంగి చూస్తున్నాడు.

"ఇక్కడేం పని నీకు?" అన్నాను.

"గీ బట్టను ఎవ్వలు కొయ్యలే సారు," అన్నాడు నా వైపు తిరక్కుండానే.

"ఏమిటి?"

"మా తాన నేసినంక మగ్గం మీదికెల్లి కోసి తీస్తం. కోసిన కాడ పోగులు ఎల్లుతయి. దీనికి నాలుగు దిక్కుల అంచే ఉన్నది. ఏడ మొదలువెట్టిండ్రో, ఏడ వొడిసిందో ఎరుకైతలేదు. ఎవ్వలో గని, శాన ఓపికున్న మనిషి."

నేను దగ్గరికి వెళ్లి చూశాను. నాలుగు వైపులా అంచే. నేను వేలితో నలిపింది కూడా అందులో ఒకటి. నలిపాను గానీ చూడలేదు.

అతనికి ఇంటి దగ్గర మగ్గం ఉండేదట. మిల్లు బట్ట వచ్చాక మగ్గం విప్పి అటక మీద పెట్టి, ఇక్కడికి ఇటుకలు మోయడానికి వచ్చాడు. తర్వాతి శుక్రవారం నేనే క్యాంపుకు కబురంపి అతన్ని పిలిపించాను. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నేను కుర్చీలో కూర్చున్నాను, అతను నిలబడ్డాడు. ఏమేం కనబడుతున్నాయో చెప్పమన్నాను.

"నీకెందుకు సారు ఇయ్యన్నీ?"

"అవసరం ఉంది, చెప్పు."

"మీ ఇంట్ల శాన బట్టలు చూసినమంటివి గద, ఆఫీసుల అందరికి చెప్తవట."

"చూశాం. పోగుల సంగతి చూడలేదు."

"మరేం జూసిండ్రు?"

"మా తాతగారు వేళ్లతో నలిపి ఊఁ అనేవారు."

అతను చాలాసేపు నవ్వాడు. "మా తాత గిట్లనే చెప్తుండె సారు. దొర ఊఁ అన్నడంటే బట్ట మంచిగున్నదని గాదు, దొరకు ఆకలైతున్నదని. గందుకే ఆకలి యాళ్లకు నాసి బట్ట మీద వెట్టి, మంచిది కిందనే దాసి, ఊఁ అనంగనే జప్పన మూట గట్టుకొని పోతుండె."

ఆ మాటకు అతన్ని పంపించేయవలసింది. కానీ శుక్రవారాలు ఎక్కువ మిగల్లేదు. దిగమింగి వినడం అలవాటు చేసుకున్నాను. అతను చెప్పాక ఒక్కొక్కటే కనబడసాగాయి. మామూలు బట్టలో పడుగూ పేకా రెండూ కనబడతాయి. ఇందులో మగ్గం మీద అడ్డంగా వెళ్లే పేక ఎక్కడా పైకి రాదు, బట్ట పొడుగునా సాగే పడుగే అంతటా కప్పేసింది. అందుకే ఆ రంగులకు ఆ నిండుతనం. కాఫీ రంగు చారలో ఒక పోగుకు పురి కుడికి, పక్క పోగుకు పురి ఎడమకు. రంగు ఒకటే అయినా వెలుతురు పక్కనుంచి పడితే ఆ చార నిండా సన్నటి చేపముళ్లు లేస్తాయి. నేను దీపం వెలుతురు పైనుంచి పడుతుండగా చూశాను కాబట్టి నాకు కనబడలేదు. దీపం ఆర్పి కిటికీ తెరిచింది అతనే.

నల్ల చారలో ఒక సన్నటి మీగడ రంగు గీత ఉండేది. సరిగ్గా మధ్యలో కాదు, కొంచెం పక్కకి. అది పొరపాటనుకున్నాను.

"పొరపాటు గాదు సారు. నడుమ వెడితే బట్ట పండుకుంటది. జరంత జరిపిండ్రు, గందుకే లేసి కూసున్నది."

నేను మళ్లీ ఆ గోడ వంక చూశాను. నిజంగానే అది లేచి కూర్చుని ఉంది.

వెళ్లేముందు అతను ఇంకో మాట అన్నాడు. "గిది సంచి సారు."

"సంచేమిటి?"

పొడుగు అంచులు రెంటి వెంటా సూది దిగిన సన్నటి రంధ్రాలు చూపించాడు. సరిగ్గా సగంలో మడత జాడ. ఆ మడతకు ఒక పక్క రంగు వెలిసింది, రెండో పక్క వెలవలేదు. ఎండ తగిలిన వైపు ఒకటి, జంతువు ఒంటికి ఆనిన వైపు ఒకటి. ఎవరో కుట్లు విప్పి, విప్పార్చి అమ్మారు. నేను నమ్మలేదు. సాయంత్రం మా కంపెనీ డ్రైవరు, రుస్తాఖ్ ఊరి ఒమనీ, బండి సీటు వెనక పడేసుకునే ఒంటె సంచి చూశాను. మేక వెంట్రుకలతో చేత్తో నేసినది, చారలదే. పక్క కుట్లు అచ్చం అదే దూరంలో ఉన్నాయి. రెండు దేశాల జంతువుల వీపులు కొలిచి చూసుకున్నట్టు.

శుక్రవారం టీ రానే వచ్చింది. ఇంజనీర్లు సూర్యాస్తమయమూ అంతస్తులూ చెప్పి బిస్కెట్లు తిన్నారు. తర్వాత అకౌంటెంటు భార్య తన మాట చెప్పింది, భర్త ఇంగ్లీషులోకి మార్చాడు. ఉన్ని పవిత్రమని, దాని మీద కూర్చుని దేవుణ్ని పిలుస్తామని. నేను అనుకున్నట్టే చీఫ్ ఇంజనీరు కళ్లు తడిశాయి. కొండల్లో నేసిన బట్ట మళ్లీ పూజకు వెళుతోందంటే ఇంకేం కావాలన్నాడు. గోడవైపు అడుగు కూడా వేశాడు. అంతలో మర్యాద గుర్తొచ్చి నా వైపు తిరిగాడు. "రాజా, మీరేమంటారు?" అది నా పేరనుకునేవాడు.

"ఇది సంచి," అన్నాను.

చీఫ్ ఇంజనీరు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"స్టోర్స్ వారికి అన్నీ సంచులుగానే కనబడతాయి," అన్నాడు అకౌంటెంటు. అందరూ నవ్వారు.

"సంచయితేనేం అన్నయ్యగారూ," అంది వాళ్లావిడ, "ఉన్నే కదా."

నేను వెళ్లి దీపం ఆర్పాను, కిటికీ తెరిచాను. కుట్ల రంధ్రాలూ మడతా చూపించాను. నాలుగు అంచులూ చెప్పాను. చేపముళ్లు చూపించాను. పక్కకు జరిపిన గీత దగ్గర కాసేపు ఆగాను. ఎవరూ నవ్వలేదు. చీఫ్ ఇంజనీరు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ కూలీ వంగినంత దగ్గరగా వంగాడు.

"ఇన్నేళ్లుగా దీన్ని చూస్తున్నాను," అన్నాడు. "ఈ పురి నేనెప్పుడూ చూడలేదు. ఇదంతా మీ ఇంట్లో నేర్చుకున్నారా?"

నేను ఎదురుచూసిన మాట గడప దాకా వచ్చి నిలబడింది. అవునంటే చాలు. అబద్ధమాడటానికి నాకేం అభ్యంతరం లేదు, ఏనుగు సంగతి చెప్పాను కదా. కానీ ఇది అబద్ధం కాదు, దొంగతనం. దొంగతనాలు మేము స్వయంగా చేసేవాళ్లం కాదు, అందుకు వేరే మనుషులుండేవారు. అదీగాక ఒక కూలీ ఇచ్చినదాన్ని నాదని చెప్పుకుంటే జన్మంతా అతనికి బాకీ పడి బతకాలి. అంత దరిద్రం నాకింకా పట్టలేదనిపించింది.

"కాదు," అన్నాను. "క్యాంపులో ఒక మనిషి ఉన్నాడు. అతను చెప్పాడు."

అతన్ని పిలుచుకొచ్చారు. చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడ్డాడు. చీఫ్ ఇంజనీరు ఏదేదో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ఈ బట్ట నీకిస్తానంటున్నారు అన్నాను. చెప్పి, ఆగాను. వద్దు సారు, మీకే ఇయ్యమనుండ్రి అంటాడని నా లోపల ఎవరో ఎదురుచూస్తున్నారు. మా ఇంటి ముందు అలాంటి మర్యాదలు చాలా చూశాను.

"తీస్కుంట," అన్నాడతను.

తనే స్టూలెక్కి దింపాడు. నేల మీద పరిచి, పాత మడత మీదే సగానికి మడిచి, చంకలో పెట్టుకున్నాడు. వెళుతూ నా దగ్గర ఆగి, "చూడాలనిపిస్తే రూముకు రా సారు," అన్నాడు. మా తాతగారు "ఊఁ" అన్నట్టుగానే ఉంది ఆ స్వరం.

అకౌంటెంటు భార్య నాతో నెల రోజులు మాట్లాడలేదు. అకౌంటెంటు మాట్లాడాడు. "ఇంతకీ రాజావారికి దక్కిందేమిటి?" అని.

నేను రూముకు వెళ్లాను. ఒకసారి కాదు, చాలా శుక్రవారాలు. ఎనిమిది ఇనప మంచాల గది. కుర్చీ లేదు, బోర్లించిన పెయింటు డబ్బా ఉండేది. "కూసో సారు, చాయ్ తాగినంక చూద్దువు," అనేవాడు. చాయ్ అయ్యేదాకా బట్ట బయటికి వచ్చేది కాదు. ఒక్కోసారి అతను నిద్రలో ఉంటే నేను బయట నీడలో నిలబడేవాణ్ని. చలికాలం అతను దాన్ని దుప్పటిగా కప్పుకున్నాడు. ఇది కప్పుకునేది కాదు, చూసేది అని నేను చెబితే, "కండ్లు మూసుకున్నంక ఎట్ల జూస్త?" అన్నాడు.

రెండో ఏడు అతనికి సెలవు దొరికింది. ఊరికి వెళ్లే పూట నేను వెళ్లేసరికి గదిలో అందరూ హడావిడిగా ఉన్నారు. సీబ్ విమానాశ్రయానికి వెళ్లే పికప్ బయట హారన్ కొడుతోంది. గది మధ్యలో ఆ బట్ట నిలబడి ఉంది. మూతి కట్టి, కడుపు నిండా సామానుతో. పాత రంధ్రాల్లోంచే దబ్బనంతో పక్కలు కుట్టేశాడు. ట్రాన్సిస్టర్, సబ్బులు, చీరలు, ఖర్జూరం, ఏవి పడితే అవి కుక్కాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు బుద్ధుందా? దాన్ని ఎంతమంది అడిగారు! చీఫ్ ఇంజనీరు దీపం పెట్టి చూసుకున్న బట్ట!"

"సంచి సారు," అన్నాడు తాడు బిగిస్తూ.

ఇంకా అనబోయి ఆగాను. గోడ మీద బల్లపరుపుగా సాగిన ఆ చారలు ఇప్పుడు కింద మడత దగ్గర పుట్టి, కడుపు దగ్గర ఉబ్బి, మూతి దగ్గర మళ్లీ దగ్గరగా చేరుతున్నాయి. నేను చుట్టూ తిరిగాను. పక్క కుట్టు దగ్గర వంగాను. రెండు పొడుగు అంచుల వెంట ఉన్న చారలు మిగతావాటిలో సగమే వెడల్పు. విడిగా ఉన్నప్పుడు వాటిని నేనెన్నడూ పట్టించుకోలేదు. కుట్టు పడేసరికి ముందువైపు సగమూ వెనకవైపు సగమూ కలిసి ఒక పూర్తి చార అయింది. ఎక్కడ అతికారో తెలియకుండా చారలు సంచి చుట్టూ తిరిగి వచ్చాయి. నేసినావిడ మగ్గం మీద బల్లపరుపుగా ఉండగానే ఈ గుండ్రాన్ని చూసింది.

"ఇటు చూడు," అన్నాను. "ఈ చార సగం సగమే నేసింది. కుడితే ఒకటవ్వాలని."

అతను తాడు వదిలి వచ్చాడు. వేలితో కుట్టు మీద పైనుంచి కింది దాకా రాశాడు. ఆ పక్కకు వెళ్లి రెండో కుట్టు కూడా చూశాడు.

"అవ్ సారు," అన్నాడు. "నేనే కుట్టిన. గని గిది నేను చూల్లే."

పికప్ మళ్లీ హారన్ కొట్టింది. డ్రైవరు లోపలికి తొంగిచూసి హిందీలో తిట్టాడు. అతను వంగి సంచి కింద చేతులు పెట్టాడు.

"చూసింది సాలు గని, గా దిక్కు జర పట్టు సారు."

పట్టాను. అది ఎంత బరువుందో చెప్పుకోవడం మర్యాద కాదు.